చిత్తూరు మామిడికి జర్మన్ లేబుల్: తిరుపతిలోని ఒక అనువాద సేవపై సమీక్ష

చిత్తూరు జిల్లా మామిడి గుజ్జుకు ఐరోపా కొత్త సంత కాదు. జూన్, జూలై నెలల్లో బంగారుపాళ్యం, దామలచెరువు మార్కెట్ల నుంచి తోతాపురి కాయ ఫ్యాక్టరీలకు చేరి, గుజ్జై, క్రిములు చేరని అసెప్టిక్ సంచుల్లో నిండి, ఇనుప డ్రమ్ముల్లో చెన్నై రేవుకు వెళ్లడం ఏళ్ల తరబడి జరుగుతున్నదే. డ్రమ్ములో వెళ్లే సరుకు అక్కడి జ్యూస్ కంపెనీలకు ముడి సరుకు కాబట్టి, దాని వివరాలు వాణిజ్య పత్రాల్లో సక్రమంగా ఉంటే సరిపోతుంది. అదే గుజ్జును టిన్నులో నింపి, అదే మామిడిని పచ్చడిగా సీసాలో పెట్టి, జర్మనీలోని దుకాణం అలమరలో నిలబెట్టాలనుకున్నప్పుడు వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. అక్కడ సీసాను చేతిలోకి తీసుకునే మనిషి తన భాషలో చదవగలగాలి, చదివినది నిజం కావాలి, ఆ నిజం ఐరోపా సమాఖ్య చట్టం చెప్పిన రూపంలోనే ఉండాలి. ఈ మూడింటినీ కలిపి చేసిపెట్టే సేవ మన ప్రాంతంలో దొరకడం అరుదు. తిరుపతిలో అటువంటిదొకటి మాకు దొరికింది. వారి పనిని దగ్గరగా చూసిన వారిగా, చిన్న ఆహార పరిశ్రమలు నడిపే వారికి పనికొస్తుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాము.

ఎయిర్ బైపాస్ రోడ్డుకు దగ్గరలో, ఒక మేడ మీది రెండు గదుల్లో నడుస్తున్న కార్యాలయం అది. ఇద్దరే మనుషులు. ఒకరు చెన్నైలోని మాక్స్ ముల్లర్ భవన్‌లో జర్మన్ నేర్చుకొని అనువాదమే వృత్తిగా చేసుకున్నవారు. మరొకరు ఆహార పరీక్షల ప్రయోగశాలలో చాలాకాలం పనిచేసి వచ్చినవారు. ఇప్పటికే చేతినిండా పని ఉన్నందున తమ పేరు బయట పెట్టవద్దని కోరారు కనుక ఇక్కడ రాయడం లేదు. మేము వారికి అప్పగించిన పని రెండు లేబుళ్లు. ఒకటి 850 గ్రాముల తీపి కలిపిన తోతాపురి గుజ్జు టిన్ను, రెండోది 300 గ్రాముల మామిడికాయ ఆవపచ్చడి సీసా. పచ్చడిలో వాడేది నువ్వుల నూనె.

సేవ గురించి చెప్పే ముందు, పోషక విలువల పట్టికను జర్మన్‌లోకి మార్చడం అంటే ఏమిటో కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే దీని మీద మన పరిశ్రమల్లో ఉన్న అపోహే నష్టాలకు మూలం. పట్టికలో ఉన్నవి పట్టుమని పది మాటలు, పక్కన అంకెలు. కంప్యూటర్‌లో వేస్తే క్షణంలో జర్మన్ మాటలు వచ్చేస్తాయి కదా అని చాలామంది అనుకుంటారు. మాటలు వస్తాయి, నిజమే. కానీ భారతదేశంలో ఆహార ప్రమాణాలు నిర్ణయించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం తయారైన పట్టిక, ఐరోపా సమాఖ్య 1169/2011 నిబంధన ప్రకారం ఉండవలసిన పట్టిక, ఈ రెండూ వేర్వేరు లెక్కల మీద కట్టినవి. ఐరోపా నిబంధన 2014 డిసెంబరు 13 నుంచి అమల్లో ఉంది. పోషక విలువల ప్రకటన మాత్రం 2016 డిసెంబరు 13 నుంచి తప్పనిసరి అయింది. జర్మనీలో ఈ వివరాలు జర్మన్ భాషలోనే ఉండాలని ఆ దేశం 2017లో తెచ్చిన అమలు ఉత్తర్వు చెబుతుంది.

మన పట్టికలో శక్తి కిలో క్యాలరీల్లో ఉంటుంది, ఆ తర్వాత మాంసకృత్తులు, పిండి పదార్థాలు, మొత్తం చక్కెరలు, అదనంగా కలిపిన చక్కెరలు, మొత్తం కొవ్వు, సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, కొలెస్టరాల్, చివరన మిల్లీగ్రాముల్లో సోడియం. ఐరోపా పట్టికలో మొదట కిలో జౌల్‌లు, వెంటనే కిలో క్యాలరీలు, ఆ తర్వాత కొవ్వు, అందులో సంతృప్త కొవ్వు ఆమ్లాలు, పిండి పదార్థాలు, అందులో చక్కెరలు, ఇష్టమైతే పీచు, మాంసకృత్తులు, చివరన గ్రాముల్లో ఉప్పు. వరుస ఇదే ఉండాలి, ముందు వెనుకలు కుదరవు. ట్రాన్స్ కొవ్వు, కొలెస్టరాల్, అదనపు చక్కెర అనే వరుసలకు ఆ పట్టికలో చోటే లేదు. ఏవేవి అదనంగా రాయవచ్చో నిబంధన ఒక జాబితా ఇచ్చి తలుపు మూసేసింది. ఆ జాబితాలో లేనిదాన్ని మన నిజాయితీ కొద్దీ రాసినా అది తప్పు కిందే లెక్క. ఇక్కడ తప్పనిసరి అయినది అక్కడ నిషిద్ధం కావడం చాలామందికి మింగుడు పడదు.

ఈ తేడా తెలియని చోట ఏం జరుగుతుందో మా పచ్చడి సీసా విషయంలోనే కనిపించింది. ఇంటర్నెట్ ద్వారా పనులు తీసుకునే ఒక అనువాద సంస్థ, మాటల లెక్కన తక్కువ ధరకు, ఈ పట్టికను అంతకుముందు జర్మన్ చేసి ఇచ్చింది. జర్మన్ మాటల్లో ఒక్క అక్షర దోషం లేదు. కొలెస్టరాల్ ఉంది, ట్రాన్స్ కొవ్వు ఉంది, సోడియం సోడియంగానే ఉంది, వరుస మన వరుసే ఉంది. హాంబర్గ్‌లోని మా బయ్యర్ ఆ ప్రూఫ్‌ను చూసి, ఈ లేబుల్‌తో సరుకు దించుకోలేనని వెనక్కి పంపారు. ఆయన చెప్పింది న్యాయమే. ఐరోపా బయటి నుంచి వచ్చే ఆహారానికి లేబుల్ మీది సమాచారం బాధ్యత చట్ట ప్రకారం దిగుమతిదారుదే. అతని పేరు, చిరునామా సీసా మీద ఉంటాయి, అక్కడి తనిఖీ అధికారులు మొదట అడిగేది అతన్నే.

తిరుపతి వారి పనితీరులో మాకు మొదట కనిపించిన విశేషం ఏమిటంటే, లేబుల్ చేతికి ఇవ్వగానే వారు అనువాదం మొదలుపెట్టలేదు. ల్యాబ్ రిపోర్టు అసలు ప్రతి అడిగారు. లేబుల్ మీద ముద్రించిన పట్టిక చాలదని, దాని వెనుక ఉన్న రిపోర్టు కావాలని, అందులో పీచు విడిగా కొలిచి ఉండాలని చెప్పారు. పీచు కొలత లేకపోతే పరీక్ష మళ్లీ చేయించి తెమ్మంటారు. దీనికి కొందరు విసుగు పడతారని వారే అన్నారు. కానీ ఈ పట్టుదల వెనుక గట్టి కారణం ఉంది, అది మా పచ్చడి అంకెల్లోనే తేటతెల్లమైంది.

వంద గ్రాముల పచ్చడికి ల్యాబ్ రిపోర్టు చెప్పిన లెక్క ఇది: కొవ్వు 24 గ్రాములు, మాంసకృత్తులు 3.1 గ్రాములు, పిండి పదార్థాలు 12.4 గ్రాములు, పీచు 5.2 గ్రాములు, శక్తి 278 కిలో క్యాలరీలు. ఇక్కడి పద్ధతిలో పిండి పదార్థాలను తేడా మీద లెక్క కడతారు. అంటే నీరు, కొవ్వు, మాంసకృత్తులు, బూడిద తీసివేయగా మిగిలిందంతా పిండి పదార్థమే, పీచు కూడా అందులోనే కలిసి ఉంటుంది. ఐరోపా లెక్కలో పిండి పదార్థం అంటే ఒంటికి పట్టేది మాత్రమే, పీచు అందులో చేరదు. కనుక 12.4 లోంచి 5.2 తీసేస్తే మిగిలే 7.2 గ్రాములే అక్కడి పట్టికలో కనిపించాలి. శక్తి లెక్క కూడా మారుతుంది. ఐరోపా నిబంధన కొవ్వుకు గ్రాముకు 37 కిలో జౌల్‌లు, పిండి పదార్థాలకు, మాంసకృత్తులకు 17 చొప్పున, పీచుకు 8 అని నిర్ణయించింది. కిలో క్యాలరీల్లో అవి వరుసగా 9, 4, 4, 2. ఆ ప్రకారం కూడితే మా పచ్చడి శక్తి 1105 కిలో జౌల్‌లు, 268 కిలో క్యాలరీలు అవుతుంది. మునుపటి సంస్థ 278ని 4.184 తో గుణించి 1163 కిలో జౌల్‌లు అని వేసింది. ఆ పట్టికలో వారే రాసిన కొవ్వు, పిండి పదార్థం, మాంసకృత్తుల అంకెలను నిబంధన చెప్పిన గుణకాలతో హెచ్చించి కూడినా 1152 వస్తుందే తప్ప 1163 రాదు. జర్మనీలో తనిఖీ చేసే వ్యక్తి కాగితం మీద కూడిక చేసి చూస్తే పట్టిక తనలో తానే పొసగడం లేదని ఇట్టే తెలిసిపోతుంది.

ఈ కూడికను ఆ కార్యాలయంలో ప్రయోగశాల అనుభవం ఉన్న ఆయన మా ఎదుటే కాగితం మీద వేసి, ఒక్కొక్క వరుసకూ పక్కన కారణం రాసి ఇచ్చారు. ఆ కాగితం మా ఫైలులో ఉంది. అనువాదంతో పాటు ఇలా లెక్క పత్రం ఇవ్వడం ఈ సేవలో అన్నిటికన్నా విలువైన భాగమని మా అభిప్రాయం, ఎందుకంటే బయ్యర్ నుంచి ప్రశ్న వచ్చినప్పుడు జవాబు చెప్పవలసినది అనువాదకులు కాదు, మనం.

సోడియం సంగతి ఇంకొంచెం జాగ్రత్త కోరేది. ఐరోపా పట్టికలో ఉప్పు అంటే సోడియంను రెండున్నరతో హెచ్చించగా వచ్చే అంకె. మా ల్యాబ్ రిపోర్టులో వేల దగ్గర కామాతో 4,720 మిల్లీగ్రాములు అని ఉంది. జర్మన్ పద్ధతిలో కామా దశాంశ గుర్తు, చుక్క వేల గుర్తు. ఆ అంకెను ఉన్నది ఉన్నట్టు దించితే చదివేవారికి అది నాలుగు చిల్లర మిల్లీగ్రాములే అవుతుంది, అంటే ఇంత ఉప్పు పచ్చడి దాదాపు ఉప్పులేని పదార్థంగా కనిపిస్తుంది. రక్తపోటు ఉన్న మనిషి ఆ సీసా కొంటే పరిస్థితి ఏమిటో ఆలోచించవలసిందే. వీరు దాన్ని గ్రాముల్లోకి తెచ్చి, రెండున్నరతో హెచ్చించి, 11,8 గ్రాముల ఉప్పు అని కామాతో వేశారు. పట్టికలోని ప్రతి చుక్కనూ కామాగా మార్చి, ఎక్కడ ఒక దశాంశం ఉంచాలో, ఎక్కడ పూర్ణాంకానికి సవరించాలో ఐరోపా కమిషన్ మార్గదర్శకాల ప్రకారం సరిచూశారు. కొవ్వు పది గ్రాములు దాటింది కాబట్టి 24 అని పూర్ణాంకం, సంతృప్త కొవ్వు పదిలోపు కాబట్టి 3,6, ఇలా ప్రతి అంకెకూ ఒక నియమం.

గుజ్జు టిన్ను పట్టిక ఇంత చిక్కు పెట్టలేదు. అందులో ఉప్పు కలపకపోయినా మామిడిలో సహజంగా ఉండే సోడియం వల్ల 0,03 గ్రాముల ఉప్పు అని రాయవలసి వచ్చింది. ఉప్పు వేయని సరుకు మీద ఉప్పు అంకె ఎందుకని మా వాళ్లు అడిగితే, ఆ వరుస తీసేయడం కుదరదని, అయితే ఆ ఉప్పు సహజంగా ఉన్న సోడియం వల్ల మాత్రమే వచ్చిందని పట్టిక దగ్గరలోనే ఒక వాక్యం రాసుకోవడానికి నిబంధన అనుమతిస్తుందని చెప్పి ఆ జర్మన్ వాక్యం ఇచ్చారు.

మాటల విషయానికి వస్తే, ఈ పట్టికలో అనువాదకుడి స్వేచ్ఛకు చోటు చాలా తక్కువ. ప్రతి వరుసకూ నిబంధన జర్మన్ ప్రతిలో ఉన్న పేరునే వాడాలి: కొవ్వుకు ఫెట్, అందులో సంతృప్త కొవ్వు ఆమ్లాలకు దావోన్ గెజెట్టిగ్టె ఫెట్‌జ్యోరెన్, పిండి పదార్థాలకు కోలెన్‌హైద్రాటె, చక్కెరకు త్సుకర్, పీచుకు బలాస్ట్‌ష్టోఫె, మాంసకృత్తులకు ఐవైస్, ఉప్పుకు జాల్ట్స్. వీరు తమ సొంత మాట ఒక్కటి కూడా చేర్చకుండా ఆ పేర్లనే దించారు. సొంత పాండిత్యం చూపించాలన్న తపన లేకపోవడం ఈ రంగంలో గొప్ప గుణం.

అనువాదకురాలి నైపుణ్యం మాకు నిజంగా కనిపించింది పదార్థాల జాబితాలో. పచ్చడి జాబితాలో మేము మామిడికాయ, నువ్వుల నూనె, ఉప్పు, కారం, ఆవపిండి, మెంతులు, ఇంగువ అని ఇచ్చాము. ఆమె మొదటి ప్రశ్న ఇంగువ మీద. మీరు వాడేది ముద్ద ఇంగువా, డబ్బాలో వచ్చే పొడి ఇంగువా అని అడిగారు. మన వంటిళ్లలో వాడే పొడి ఇంగువ చాలావరకు కూట ఇంగువ. అసలు ఇంగువ ఘాటు తట్టుకోలేనిది కనుక దానికి గోధుమ పిండో బియ్యం పిండో జిగురో కలిపి అమ్ముతారు. డబ్బా తెప్పించి చూస్తే అందులో గోధుమ పిండి ఉంది. ఐరోపాలో గోధుమ పద్నాలుగు అలర్జీ పదార్థాల జాబితాలో మొదటి వరుసలో ఉన్న గ్లూటెన్ ధాన్యం. పదార్థాల జాబితాలో దాన్ని పేరుతో చెప్పి, మిగతా అక్షరాల కంటే భిన్నంగా, ముద్దక్షరాల్లోనో మరో రకంగానో కొట్టొచ్చినట్టు చూపించాలి. గోధుమ పడని వ్యక్తి మామిడి పచ్చడిలో గోధుమ ఉంటుందని కలలో కూడా అనుకోడు. ఈ ఒక్క ప్రశ్న కోసమైనా వారికి ఇచ్చిన సొమ్ముకు న్యాయం జరిగిందని మేము భావిస్తున్నాము.

ఆవాలు, నువ్వులు కూడా అక్కడి అలర్జీ జాబితాలో ఉన్నవే, ఇక్కడి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ జాబితాలో లేనివే. అంటే ఆవాలు, నువ్వుల గురించి మన లేబుల్ మీద అలర్జీ సూచన అంటూ ఒక్క ముక్క లేకుండా చట్టబద్ధంగా అమ్ముకునే పచ్చడి, అక్కడికి వెళ్లేసరికి ఆవాలు, నువ్వులు, గోధుమ అనే మూడు పేర్లను ఎత్తిచూపవలసిన సరుకు అవుతుంది. నూనె శుద్ధి చేసినదైతే మినహాయింపు ఉండదా అని మేము అడిగాము. పూర్తిగా శుద్ధి చేసిన సోయా నూనెకు అటువంటి మినహాయింపు ఉంది గానీ నువ్వుల నూనెకు లేదని నిబంధన అనుబంధం తెరిచి చూపించారు. రాయలసీమలో వేరుశనగ నూనెతో పచ్చడి పెట్టేవారు ఎక్కువ. వారికీ ఇదే వర్తిస్తుంది, వేరుశనగ కూడా ఆ జాబితాలో ఉంది.

జాబితాలో మామిడి పక్కన శాతం రాయాలని కూడా వారే గుర్తు చేశారు. సరుకు పేరులో మామిడి ఉన్నప్పుడు అందులో మామిడి ఎంతో చెప్పవలసిందే. గుజ్జు టిన్ను జాబితాలోని సిట్రిక్ ఆమ్లం విషయంలో కేవలం పేరు చాలదని, అది పులుపు కోసం చేర్చినదని తెలిపే వర్గం పేరు ముందు రావాలని సరిదిద్దారు.

టిన్ను మీద మేము ఇంగ్లిషులో వేసుకున్న రెండు మాటలు వారి చేతిలో ఎగిరిపోయాయి. ఒకటి, విటమిన్ ఎ పుష్కలంగా ఉంది అన్నది. రెండోది, రోగనిరోధక శక్తిని పెంచుతుంది అన్నది. ఐరోపాలో 1924/2006 నిబంధన ప్రకారం ఒక విటమిన్‌కు మూలం అని చెప్పుకోవాలన్నా వంద గ్రాముల్లో రోజువారీ ప్రామాణిక మోతాదులో కనీసం 15 శాతం ఉండాలి. విటమిన్ ఎ కి ఆ ప్రామాణికం 800 మైక్రోగ్రాములు కాబట్టి 120 మైక్రోగ్రాములు ఉండి తీరాలి, పుష్కలం అనడానికి అంతకు రెట్టింపు కావాలి. మా తోతాపురి గుజ్జు పరీక్షలో మొదటి గీత కూడా దాటలేదు. ఆ గీత దాటిన సరుకైనా రోగనిరోధక శక్తిని పెంచుతుందని రాయకూడదు. రోగనిరోధక వ్యవస్థ మామూలుగా పనిచేయడానికి విటమిన్ ఎ తోడ్పడుతుంది అన్న ఆమోదిత వాక్యం మాత్రమే రాయవచ్చు. మా అమ్మకాల వారికి ఇది రుచించలేదు, కానీ వారు ఒక్క మెట్టు కూడా దిగలేదు. అనువదించమని డబ్బిచ్చినా అనువదించకూడనిదాన్ని అనువదించని వారి మీద మాకు గౌరవం పెరిగింది.

ఇక లోపాలు. మొదటిది ముద్రణ దగ్గర బయటపడింది. వారు అనువాదాన్ని వర్డ్ ఫైలుగా ఇస్తారు. దాన్ని ఆర్ట్‌వర్క్‌లోకి ఎక్కించేది మన డిజైనర్. ఆ డిజైనర్ వాడిన ఫాంటులో జర్మన్ అక్షరాలు లేవు. ఐవైస్ అనే మాట చివర ఉండే, చూపుకు ఇంగ్లిషు బి లా కనిపించి స అని పలికే అక్షరం స్థానంలో నిజంగానే బి వచ్చి కూర్చుంది. గెజెట్టిగ్టె అనే మాటలో రెండో అచ్చు నెత్తిన ఉండవలసిన రెండు చుక్కలు మాయమయ్యాయి. తెలుగులో ఒత్తులు, గుడులు ఊడిపోయిన కరపత్రం చదివితే ఎలా ఉంటుందో అక్కడివారికి అది అలా ఉంటుంది. ప్రూఫ్ మీద సరిచూసే పనిని వారు విడి పనిగా లెక్కించి విడిగా రుసుము అడిగారు. ఇది మాకు నచ్చలేదు. లేబుల్ అనువాదం ఫైలులో పూర్తి కాదు, కాగితం మీద పూర్తవుతుంది. తుది ప్రూఫ్ ఒక్కసారైనా సరిచూసి ఇవ్వడం అసలు రుసుములోనే ఉండాలి. అడిగి రుసుము కట్టాక మాత్రం ప్రూఫ్‌ను చాలా నిశితంగా చూశారు. అక్షరాల ఎత్తు కొలిచి, చిన్న అక్షరం ఎత్తు 1.2 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదన్న నియమానికి మా సీసా లేబుల్ అంచున ఉందని హెచ్చరించారు. పెద్ద ముఖం 80 చదరపు సెంటీమీటర్ల కంటే చిన్నదైన ప్యాకెట్లకు 0.9 మిల్లీమీటర్ల వరకు తగ్గించుకోవచ్చు గానీ మా సీసా ఆ కోవలోకి రాదు.

రెండో లోపం సమయం. మామిడి సీజనులో జిల్లాలోని ఫ్యాక్టరీలన్నీ ఒకేసారి పరిగెత్తుతాయి, ఈ ఇద్దరి మీదా ఒకేసారి పడతాయి. చెప్పిన తేదీకి గుజ్జు టిన్ను లేబుల్ రాలేదు, ఫోన్ చేస్తే ఎత్తడం కూడా కష్టమైంది. ఆలస్యమవుతుందని ముందుగా ఒక మాట చెప్పి ఉంటే ప్రింటర్ దగ్గర మా వరుసను మార్చుకునేవాళ్లం. చెన్నై రేవులో కంటైనర్‌కు బుక్ చేసిన ఓడ ఎవరి కోసమూ ఆగదు. కనుక వీరి దగ్గరకు వెళ్లదలచినవారు సీజను మొదలు కాకముందే, వేసవి తొలి వారాల్లోనే పని అప్పగించడం మంచిది.

మూడోది లోపమో కాదో చదువరులే నిర్ణయించుకోవాలి. బయ్యర్ కోరిన విధంగా, ఈ లేబుల్ జర్మన్ చట్టానికి పూర్తిగా అనుగుణంగా ఉందని సంతకం చేసి ధ్రువపత్రం ఇమ్మంటే వారు ఇవ్వలేదు. తమ పని అనువాదం, లెక్కల సవరణ వరకేనని, చట్టబద్ధతకు తుది మాట జర్మనీలోని దిగుమతిదారు తరఫు ఆహార చట్ట నిపుణుడిదేనని చెప్పారు. మొదట్లో మాకు అసంతృప్తి కలిగిన మాట వాస్తవం. కానీ అధికారం లేని చోట సంతకం పెట్టి ఇచ్చే వారికంటే పెట్టను అని చెప్పేవారినే నమ్మాలి. ఆహారం పోషక నాణ్యతను తెలిపే న్యూట్రి-స్కోర్ గుర్తు విషయంలోనూ ఇంతే. జర్మనీలో 2020 నవంబరు నుంచి స్వచ్ఛందంగా వాడుకలో ఉన్న ఆ రంగుల గుర్తును సీసా మీద వేయాలంటే బ్రాండును ముందుగా నమోదు చేసుకోవాలని చెప్పి, తాము అది చేయమని పక్కకు తప్పుకున్నారు.

ధర లేబుల్‌కు ఆరు వేల రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, తుది ప్రూఫ్ చూడటానికి అదనం. మాటల లెక్కన చూస్తే ఇది చాలా ఎక్కువగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒక లేబుల్‌లో ఉండేది వంద, నూట యాభై మాటలే. ఇక్కడ మాటల లెక్క పనికిరాదన్నది మా అనుభవం; కొనేది మాటలను కాదు, పీచును పిండి పదార్థం లోంచి తీసే లెక్కను, ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చూసే అలవాటును. అయితే ఇంట్లో పచ్చళ్లు పెట్టి కొద్దిపాటి సరుకు పంపే మహిళా సంఘాలకు ఈ రుసుము భారమే. నాలుగైదు సంఘాలు ఒకే రకం పచ్చడి చేస్తున్నప్పుడు పదార్థాల జాబితా, హెచ్చరికల వాక్యాలు దాదాపు ఒకటే ఉంటాయి, అంకెలే మారతాయి. అటువంటి వారికి ఉమ్మడిగా తక్కువ రుసుముకు చేయాలని మేము వారికి సూచించాము. ఆలోచిస్తామన్నారు.

వెళ్లేవారు చేతిలో ఉంచుకోవలసినవి చెబుతాము. పీచును విడిగా కొలిచిన ల్యాబ్ రిపోర్టు, ప్రతి ముడి సరుకు ప్యాకెట్ వెనుక భాగం ఫోటో, ముఖ్యంగా ఇంగువ, కారం, మసాలా పొడులవి, తయారీలో ఒక్కొక్క పదార్థం బరువు, దిగుమతిదారు పేరు, జర్మనీ చిరునామా, లేబుల్ కొలతలు. ఇవి లేకుండా వెళ్తే తిరిగి పంపిస్తారు. తెలుగులోనే మాట్లాడతారు, తెలుగులో రాసిన జాబితా ఇచ్చినా తీసుకుంటారు. కారం అని రాస్తే ఎండుమిర్చి పొడి మాత్రమేనా, అందులో నూనె కలిపి ఉందా అని కూడా అడుగుతారు కాబట్టి తయారీ చూసే మనిషిని వెంట తీసుకెళ్లడం మేలు. ఆస్ట్రియాకు పంపేవారికి ఇదే జర్మన్ లేబుల్ ఉపయోగపడుతుంది. స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేదు, దాని నిబంధనలు వేరు. అక్కడికి పంపేవారు విడిగా చెప్పి చేయించుకోవాలి.

సవరించిన రెండు లేబుళ్లనూ హాంబర్గ్ బయ్యర్ తన నిపుణుడికి చూపించి ఆమోదించారు. పచ్చడి సీసా మీద చిరునామా రాసిన తీరు తప్ప ఆయన వైపు నుంచి మార్పు ఏదీ రాలేదు. ఇప్పుడు చక్కెర కలపని తోతాపురి గుజ్జు టిన్నును కూడా వీరికే ఇచ్చాము. దాని మీద చక్కెర కలపలేదు అని రాస్తే సరిపోదని, పండులో సహజంగానే చక్కెర ఉంటుంది కాబట్టి ఆ సంగతి తెలిపే వాక్యం కూడా లేబుల్ మీద ఉండాలని చెప్పారు. ఆ వాక్యం పట్టే చోటు టిన్ను ముందు భాగంలో ఉందా, లేక డిజైన్ మార్చాలా అన్నది ప్రింటర్‌తో మాట్లాడుతున్నాము. తుది ప్రూఫ్ రుసుము ఈసారి ముందే మాట్లాడుకొని అసలు ధరలో కలిపించాము.